వంతెన కింద మనుషుల లెక్క

కాశీబుగ్గ,
6 ఆగస్టు 2024.

వంతెన కింద స్టూలు వేసుకుని కూర్చుంటున్న అమ్మాయి గారికి,

ప్రభువు నామమున వందనాలు. మీ మెడలో పేరున్న కార్డు వేలాడుతోంది గానీ నా కళ్లజోడుకు అది ఆనలేదు. అందుకే పేరు రాయలేదు, మరోలా అనుకోవద్దు.

నిన్న ఉదయం మీ దగ్గరకు వచ్చి, "ఏటమ్మా రాత్తన్నారు?" అని అడిగాను. మీరు నవ్వి, చేతిలోని అట్టకు అంటించిన కాగితం చూపించారు. "లెక్క జరుగుతోంది, దయచేసి మాట్లాడించవద్దు" అని ఉంది. పక్కన స్తంభానికి కట్టిన డబ్బా మీదేమో "మీ మనసులో మాట మాకు రాయండి" అని ఉంది. నోరు మూసుకుని మనసు విప్పమంటున్నారన్నమాట! సరే, నాకు రాయడం చేతనవును. రైల్వేలో ముప్పై ఏళ్లు రిజిస్టర్లు రాసినవాణ్ణి.

నా పేరు వరప్రసాదు. మీరు కూర్చున్న చోట రెండేళ్ల కిందటి వరకు రైలు గేటు ఉండేది. ఇరవై రెండేళ్లు ఆ గేటు దగ్గర డ్యూటీ చేశాను. వంతెన తెరిచిన నెలలోనే నా రిటైర్మెంటు. గేటు ఉన్నచోట గోడ కట్టేశారు.

గేటు పడిందంటే పావుగంటకు తక్కువ కాదు. జీడిపిక్కలు ఒలవడానికి వెళ్లే ఆడవాళ్లు, బస్తాల బళ్లు, పెళ్లివారి జీపు, పూండి నుంచి వచ్చే చేపల గంపలు, ఎవరైనా ఆగాల్సిందే. ఆగినవాళ్లు ఊరుకోరు కదా! పక్కవాళ్లది ఏ ఊరని అడుగుతారు, వానల గురించి చెప్తారు, మీ ఎరికలో మంచి కుర్రాడున్నాడా అంటారు. నా కళ్లెదుట కుదిరిన పెళ్లిళ్లే మూడు ఉన్నాయి. ఇప్పుడు అందరూ నెత్తి మీదుగా వెళ్లిపోతున్నారు. వంతెన మంచిదే, కాదనను, అంబులెన్సులు ఆగడం లేదు. కానీ పలాసకూ కాశీబుగ్గకూ మధ్య మనుషులు ఒకరి ముఖం ఒకరు చూసుకునే చోటు ఒకటి పోయింది.

మమ్మల్ని ఎందుకు లెక్కపెడుతున్నారో చెప్పండి. ఇంకో మాట. నిన్న నేను టీకొట్టు బల్ల మీద గంటన్నర కూర్చున్నాను. నన్ను లెక్కలో వేశారా?

చిరునామా వెనక రాశాను.

వరప్రసాదు

*

టెక్కలి,
9 ఆగస్టు 2024.

వరప్రసాదు గారికి,

నమస్కారం. డబ్బాలో ఇప్పటిదాకా ఆరు చిప్స్ కాగితాలు, నాలుగు కరపత్రాలు పడ్డాయి. ఉత్తరమంటూ వచ్చింది మీదొక్కటే. అందుకు ముందుగా ధన్యవాదాలు.

నా పేరు వనజ. "నలుగురి వీధి" అనే స్వచ్ఛంద సంస్థలో పనిచేస్తున్నాను. ఊరు పెరుగుతున్నప్పుడు దాని రోడ్లూ పార్కులూ స్టాండ్లూ ఎలా ఉండాలో ఎక్కడో కూర్చుని గీతలు గీసేవాళ్లు కాదు, అక్కడ తిరిగే జనమే తేల్చాలన్నది మా సంస్థ పట్టుదల. మీ వంతెన కింది స్థలానికి రెండు ఆలోచనలున్నాయి. ఒకటి, ఇప్పుడున్న ఆటోల స్టాండును అక్కడే ఉంచి నేల గచ్చు చేయించడం. రెండోది, ఆటోలను వంతెన ఆ చివరకు పంపి, ఇక్కడ అందరూ కూర్చోవడానికి దిమ్మలు కట్టి, మొక్కలు నాటి, మంచినీటి కుళాయి పెట్టించడం.

ఏది మేలో తేల్చడానికి ఇరవై ఒక్క రోజులు లెక్క తీస్తున్నాం. ఉదయం ఏడు నుంచి సాయంత్రం ఏడు దాకా అరగంటకోసారి చూసి, ఎవరు కూర్చున్నారు, ఎవరు నిలబడ్డారు, ఒంటరిగానా, ఎవరితోనైనానా అని గీతలు వేస్తాం. రోజుకు సగటున నలభై మంది కూర్చునేవాళ్లు తేలితే కూర్చునే చోటు వస్తుంది. తేలకపోతే ఆటోల స్టాండు. మేం మాట్లాడితే జనం మామూలుగా ఉండరని మాట్లాడవద్దన్న నియమం పెట్టారు. మిమ్మల్ని చిన్నబుచ్చాలని కాదు.

మీకు గీత వేశాను. "మగ, పెద్ద వయసు, ఒంటరి" అన్న గడిలో.

వనజ

*

కాశీబుగ్గ,
13 ఆగస్టు 2024.

అమ్మా వనజా,

పేరు పెట్టి పిలుస్తున్నాను, నా అన్న కూతురి వయసే ఉంటుంది నీది. ఒంటరివాళ్లకు విడిగా ఒక గడి ఉందన్నమాట మీ కాగితంలో! అది చదివి టీకొట్టు దగ్గర ఒక్కణ్ణే నవ్వుకున్నాను. ఆ నవ్వుకు ఏ గడిలో గీత వేశావో మరి.

నా భార్య లిల్లీ పోయి మూడేళ్లయింది. కిడ్నీలు. ఉద్దానం మనిషికి ఆ జబ్బు గురించి ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు. మాకు పిల్లలు లేరు. ఆదివారం ఆరాధన అయ్యాక అందరూ చేయి కలుపుతారు. సోమవారం నుంచి శనివారం దాకా ఆ చేతిని ఏం చేసుకోవాలో తెలియదు. ఫోనుంది. దాంట్లో మాట రెండు నిమిషాల్లో అయిపోతుంది. ఉత్తరమైతే రెండోసారి చదువుకోవచ్చు.

ఆటోవాళ్లలో రాజేంద్ర అని వాళ్లకు పెద్ద ఉన్నాడు. రోజూ "మావా, టీ తాగినావా?" అంటాడు. జవాబు చెప్పేలోగా ఎవరో ఒకరు ఎక్కుతారు, వెళ్లిపోతాడు. పద్దెనిమిది ఆటోలూ అంతే. బేరం లేనప్పుడు ఎవరి బండిలో వాళ్లు కాళ్లు చాపుకుని, ఈ ఆటో నుంచి ఆ ఆటోకు కబుర్లు విసురుకుంటారు. వాళ్లు మంచివాళ్లే. నా పక్కన కూర్చునేవాళ్లు కారు, అంతే.

అదే దిమ్మలు, నీడ, కుళాయి ఉంటే పాత గేటు మళ్లీ వచ్చినట్టే కదా! వచ్చేపోయేవాళ్లు ఆగుతారు. ఆగితే మాట్లాడతారు. నాకది కావాలమ్మా. సిగ్గుపడకుండా రాస్తున్నాను.

ఒక సందేహం. ఒక మనిషిని రోజుకు ఎన్నిసార్లు వేస్తారు? గేటు దగ్గర మేమూ బళ్ల లెక్క తీసేవాళ్లం. ఒకే ఆటో పదిసార్లు దాటితే పది గీతలు. అది దొంగలెక్క కాదు, రైల్వే లెక్క. నలభై అన్నావు కాబట్టి అడుగుతున్నాను. నాకు చేతనైనది నేను చేస్తాను.

మీ ఆయన ఏం చేస్తారు? టెక్కలిలో ఒక్కదానివే ఉంటున్నావా?

వరప్రసాదు

*

టెక్కలి,
28 ఆగస్టు 2024.

వరప్రసాదు గారికి,

లెక్క ఆదివారంతో ముగిసింది. రోజుకు సగటున నలభై నాలుగు తేలింది. మా సంస్థ పెద్ద సునీల్ గారు విశాఖపట్నం నుంచి ఫోను చేసి మరీ మెచ్చుకున్నారు. ఇంతకు ముందు రెండు ఊళ్లలో నేను తీసిన లెక్కలు దేనికీ పనికిరాలేదు. ఈసారి ఒక చోటు కట్టబోతున్నారు. దిమ్మలు అయిదు, మొక్కలు పన్నెండు. మీరు కోరుకున్నదే.

మా ఆయన శ్రీకర్ పుణేలో ఉద్యోగం చేస్తున్నారు. అందుకే ఇక్కడ ఒక్కదాన్నే, కామాక్షమ్మ గారని ఒక పెద్దావిడ ఇంటి మేడ మీద అద్దెకుంటున్నాను. ఆవిడ మంచిదే. వారానికోసారి "మీ ఆయన ఎప్పుడొత్తాడమ్మా?" అంటుంది. పని ఎక్కువండీ అంటాను. రోజంతా మనుషుల్ని లెక్కపెట్టి గదికి వస్తే మాట్లాడటానికి ఒక్కరూ ఉండరు. ఆ పూట మీ ఉత్తరం ఉంటే అన్నం తింటూ చదువుతాను.

లెక్క సమయంలో సహకరించినందుకు సంస్థ తరఫున కృతజ్ఞతలు.

వనజ

*

కాశీబుగ్గ,
16 డిసెంబరు 2024.

అమ్మా వనజా,

నిన్న రిబ్బను కత్తిరించేటప్పుడు నిన్ను చూశాను. వెనకాల నిలబడ్డావు. లెక్క అయిపోయింది కదా, ఇప్పుడైనా మాట్లాడుతుందనుకుని దగ్గరకు వస్తే మీ సునీల్ గారు నిన్ను ఫోటోకు పిలిచారు. తర్వాత కారెక్కి వెళ్లిపోయారు. ఫరవాలేదు, పనిలో ఉన్నవాళ్లను విసిగించకూడదు.

దిమ్మలు చాలా బాగున్నాయి. జీడిమామిడి పండు బొమ్మతో పలకలు అతికించారు. గేటుగది ఉన్నచోట కానుగ మొక్క నాటారు. సునీల్ గారు మైకులో "ఇది మీరు అడిగి కట్టించుకున్న చోటు" అన్నప్పుడు చప్పట్లు కొట్టినవాళ్లలో నేనే ముందున్నాను. మూడో దిమ్మ మీద కూర్చుని సాయంత్రం దాకా కదల్లేదు.

ఆటోలను మొన్ననే వంతెన ఆ చివరకు పంపారు. అక్కడ నీడ లేదు. నాలుగు రోజుల్లో అలవాటు పడతారులే.

క్రిస్మస్‌కు మా సంఘంలో భోజనాలున్నాయి. టెక్కలి నుంచి ఎంత దూరం? ఒక్కదానివే కూర్చుని ఏం చేస్తావు, రారాదూ?

వరప్రసాదు

*

కాశీబుగ్గ,
10 ఫిబ్రవరి 2025.

అమ్మా వనజా,

క్రిస్మస్‌కు నువ్వు రాలేదు, జవాబూ రాలేదు. కోపం వచ్చింది. పండగ అయిదో రోజుకు పోయింది. ఇప్పుడు రాసేది నిష్ఠూరం కాదు, నేను చేసిన తప్పు.

వంతెన కింద ఎవరూ కూర్చోవడం లేదమ్మా. మొదటి వారం ఫోటోలు తీసుకోవడానికి కొందరు వచ్చారు. తర్వాత నేనూ, రెండు కుక్కలూ. ఎందుకో నాకు నెల పట్టింది తెలుసుకోవడానికి. ఇదివరకు జనం అక్కడికి వచ్చేది ఆటో ఎక్కడానికి. ఆటో దొరికేదాకా ఒక నిమిషం టీకొట్టు దగ్గర నిలబడేవారు, బల్ల మీద ఒరిగేవారు. ఆటోలు పోయాయి, వాళ్లూ పోయారు. టీకొట్టు సన్యాసయ్య కూడా బండి లాక్కుని ఆటోల వెనకే వెళ్లిపోయాడు. ఇప్పుడు టీ కావాలన్నా అంతదూరం నడవాలి. నడిచి వెళ్తే రాజేంద్ర ముఖం తిప్పుకుంటున్నాడు. చప్పట్లు కొట్టినవాళ్లలో ముందున్నది నేనని అతను చూశాడు. "మావా" అనడం మానేశాడు. రోజుకు నాతో ఎవరైనా అనే మాట అదొక్కటే, అదీ పోయింది.

నీ నలభై నాలుగులో చాలా గీతలు నావి. నీ ఉత్తరం అందిన మర్నాటి నుంచి అరగంటకోసారి చోటు మార్చి కూర్చున్నాను. ఇంటికి పోయి తెల్లచొక్కా తీసి నీలం చొక్కా వేసుకొచ్చేవాణ్ణి. తలకు తువ్వాలు చుట్టాను, కళ్లజోడు తీశాను. ఒకరోజు ఎండకు తట్టుకోలేక లిల్లీ గొడుగు పట్టుకొచ్చి దాని చాటున కూర్చున్నాను. రైల్వే లెక్కలో ఇది తప్పు కాదని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. తప్పు కాకపోతే చొక్కా ఎందుకు మార్చానో ఆ రోజు ఆలోచించలేదు.

నేను లేకపోతే నీ లెక్క ముప్పై కూడా దాటదు. మళ్లీ లెక్క తీయించు. ఆటోలను వెనక్కి పిలిపించు.

వరప్రసాదు

*

విశాఖపట్నం,
18 ఫిబ్రవరి 2025.

శ్రీ వరప్రసాదు గారికి,

మీ ఉత్తరం టెక్కలి నుంచి తిరిగి నాకు చేరింది. జనవరి నుంచి నన్ను ఇక్కడి ఆఫీసుకు మార్చారు. ఇకపై నాలుగు పట్టణాల లెక్కలు నేనే చూసుకోవాలి.

మీరు ఏదో పొరబడుతున్నారు. సంస్థ తీసిన లెక్కను ఇద్దరు సరిచూశారు. అది సరైనదే. కొత్త చోటుకు జనం అలవాటు పడటానికి ఏడాది పడుతుంది. ఈలోగా మీరు రాసిన సంగతులు బయట ఎవరితోనూ అనవద్దని మనవి. దానివల్ల మీకు నలుగురిలో నగుబాటు తప్ప వేరే ఉపయోగం ఉండదు.

ఆరోగ్యం జాగ్రత్త.

వనజ

*

కాశీబుగ్గ,
12 మార్చి 2025.

వనజ గారికి,

మీరు శ్రీ పెట్టి రాశారు కాబట్టి నేనూ గారు పెట్టి రాస్తున్నాను. గదిలో కూర్చుని మీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. రెండోసారి చదవచ్చని ఉత్తరాన్ని మెచ్చుకున్నది నేనే. ఈ ఉత్తరానికి ఒక్కసారే ఎక్కువ.

మొన్న సోమవారం దిమ్మ మీద నా పక్కన ఒక మనిషి కూర్చుంది. కళావతి అని, వజ్రపుకొత్తూరు దగ్గర పల్లె. పదహారేళ్లు జీడి బట్టీలో పనిచేసిందట, వేళ్లు ఇంకా నల్లగానే ఉన్నాయి. వారానికి మూడుసార్లు డయాలసిస్‌కు వస్తుంది. ఆస్పత్రి నుంచి వస్తూ కళ్లు తిరిగి అక్కడ కూలబడింది. నీళ్లు పట్టి ఇచ్చాను. తేరుకున్నాక మొదట అన్న మాట ఇది.

"ఈ రాళ్లెవులడిగినారు బాబూ? ఇక్కడే ఆటో ఉండీది. ఇలగొచ్చి అలగ ఎక్కేసీదాన్ని. ఇప్పుడా సివరిదాకా నడవాల. సూది తీసినాక నాలుగడుగులేత్తే కాళ్లు తేలిపోతన్నాయి. కూకోడానికి నాకు ఓపికున్నాది గానీ నడవడానికి నేదు."

లిల్లీ కూడా సూది తీసిన రోజు అలాగే ఉండేది. గేటు దాటించి రాజేంద్ర ఆటోలోనే ఇంటికి తీసుకెళ్లేవాణ్ణి. అది ఎలా మరిచిపోయానో నాకు తెలియదు. నాకు మనుషులు కావాలన్న యావలో ఆ మనుషులకు ఏం కావాలో చూడలేదు. కళావతి అరగంట మాట్లాడింది. ఇన్నాళ్లకు ఒక మనిషి నా పక్కన కూర్చుని మాట్లాడిందంటే, అంతసేపూ ఆ రాళ్లు అడిగినవాణ్ణి తిట్టడానికే. అది నేనేనని చెప్పడానికి నోరు రాలేదు. లేచి ఎండలో ఆ చివరకు వెళ్లి ఆటో తీసుకొచ్చాను. డ్రైవరు నాతో మాట్లాడలేదు.

నెలాఖరున బడిలో వార్డు సభ ఉంది. అక్కడ నిలబడి చెప్పేస్తాను. నగుబాటు అన్నారు. నగడానికైనా జనం నా వైపు చూడాలి కదా. మీ పేరు చెప్పను, భయపడకండి.

వరప్రసాదు

*

విశాఖపట్నం,
21 మార్చి 2025.

బాబాయి గారికి,

ఇలా పిలవడానికి నాకు అర్హత ఉందో లేదో తెలియదు. గారు పెట్టి మీరు రాసిన ఉత్తరం ఆఫీసులో చదవలేక మెట్ల మీదకు వెళ్లి చదివాను. ఏడుపు వచ్చింది. ఎవరూ చూడలేదు.

మీరే ఆ తెల్లచొక్కా, నీలం చొక్కా అని నాకు అప్పుడే తెలుసు. రైలు చప్పుడు వినిపించగానే తెల్లచొక్కా ఆయన లేచి నిలబడి, జెండా పట్టుకున్నట్టు కుడిచేయి చాపేవారు. గంట పోయాక నీలం చొక్కా ఆయనా అంతే. ఆఖరికి పూల గొడుగు కింద కూర్చున్న పెద్దావిడ కూడా లేచి చేయి చాపింది. ఆవిడకు ఆడవాళ్ల గడిలో గీత వేశాను, నవ్వు ఆపుకుంటూ.

మా కాగితంలో మూడో నియమం ఉంది. ఒక మనిషికి రోజుకు ఒక్క గీతే, గుర్తుపడితే రెండోది వేయకూడదు. మీరు అడిగినప్పుడు ఆ సంగతి రాయకుండా దాటేశాను. లెక్క తేలితే నాకు మంచి పేరు వస్తుందన్న ఆశ ఉంది, అది దాచను. కానీ అదొక్కటే కాదు. ఒక మనిషి అంత ఎండలో చొక్కా మార్చుకుని మళ్లీ మళ్లీ నా ముందుకు వస్తుంటే, చూడనట్టు ఊరుకోవడం నా వల్ల కాలేదు. ఆ ఊళ్లో నా కోసం వచ్చే మనిషి మీరొక్కరే.

ఇంతకంటే పెద్ద తప్పు ఇంకొకటుంది. మీ ఉత్తరం చదివాక పాత కాగితాలు తీసి చూశాను. ఆటోల్లో కూర్చున్న పద్దెనిమిది మంది ఎక్కడున్నారా అని. "వాహనాలు" అన్న గడిలో ఉన్నారు. రోజంతా ఆ వంతెన కింద కూర్చుని కబుర్లాడిన మనుషులు వాళ్లే. వాళ్లు కూర్చున్నది బండిలో కాబట్టి మా లెక్కలో మనుషులు కాలేదు. మిమ్మల్ని ఇరవై మందిని చేశాను, వాళ్లను బళ్లను చేశాను. జనాన్ని అడిగి ఊరు కట్టాలనే సంస్థలో పనిచేస్తూ, ఇరవై ఒక్క రోజుల్లో ఒక్కరితో కూడా మాట్లాడలేదు.

ఇదంతా రాసి సునీల్ గారికి ఇచ్చాను. ఆయన చదివి విచారణ వేశారు. విచారణ అయ్యేదాకా కాశీబుగ్గ వెళ్లవద్దన్నారు. అందుకే సభకు రాలేను. నేను సంతకం పెట్టిన కాగితం ఇందులో పెడుతున్నాను. మీ పేరు కంటే ముందు నా పేరు చదవండి. మీకు నియమం తెలియదు, నాకు తెలుసు.

ఇంకొక్కటి. శ్రీకర్ పుణేలో ఉన్నమాట నిజమే. మేం విడిపోయి రెండేళ్లు దాటింది. కామాక్షమ్మ గారికి చెప్పిన అబద్ధమే మీకూ చెప్పాను. ఒంటరి గడిలో మీకు గీత వేసినప్పుడల్లా, నన్ను చూసేవాళ్లుంటే నాకూ అక్కడే వేస్తారనుకునేదాన్ని.

మీ వనజ

*

కాశీబుగ్గ,
2 మే 2025.

అమ్మా వనజా,

కాకినాడ చిరునామా ఉన్న నీ కార్డు అందింది. ఉద్యోగం పోయిందని ఒక్క ముక్కలో రాశావు. అన్న దగ్గర ఉన్నానన్నావు, బాగానే ఉన్నానన్నావు. నేనూ అందరితో బాగానే ఉన్నానంటాను కాబట్టి ఆ మాట నమ్మలేదు. మళ్లీ వివరంగా రాయి.

సభ సంగతి చెప్తాను. బడి వరండాలో యాభై మంది దాకా ఉన్నారు. ఆటోవాళ్లు వెనక గోడకు ఆనుకుని నిలబడ్డారు. నీ కాగితం ముందు చదివాను, నువ్వన్నట్టే. తర్వాత నాది. చొక్కాల దగ్గరకు వచ్చేసరికి నవ్వులు మొదలయ్యాయి. గొడుగు దగ్గర మీటింగ్ ఆగిపోయింది. నవ్వులు తగ్గాక మళ్లీ మొదలుపెట్టి చివరిదాకా చదివాను. కళావతి మాట కూడా చదివాను. అప్పుడు ఎవరూ నవ్వలేదు.

మీ సునీల్ గారు వచ్చారు. లేచి అందరి ముందూ క్షమాపణ చెప్పుకున్నారు, ఆ మాత్రం పెద్దమనిషే. ఏప్రిల్‌లో మళ్లీ సర్వే జరిగింది. ఈసారి వచ్చిన కుసుమ అనే అమ్మాయి అట్టా స్టూలూ తేలేదు. ఆటో ఎక్కి కూర్చుని డ్రైవరుతో మాట్లాడింది, పక్కన కూర్చున్న ఆడవాళ్లతో మాట్లాడింది. అయిదు దిమ్మల్లో మూడు పగలగొట్టారు. పలుగు దెబ్బ పడినప్పుడల్లా నాకు తగిలినట్టే ఉంది, అయినా నిలబడి చూశాను. పోయిన వారం ఆటోలు వెనక్కి వచ్చాయి, సన్యాసయ్య టీ బండితో సహా. కళావతి ఇప్పుడు వంతెన కిందే ఆటో ఎక్కుతోంది.

నాతో మాత్రం ఎవరూ మాట్లాడలేదు. సభ జరిగిన నాటి నుంచి ముప్పై మూడు రోజులు. రోడ్డు మీద పోతుంటే వెనక నుంచి "గొడుగు తాత" అని ఎవరో అనడం, నవ్వడం. ఆదివారం చేయి కలిపేవాళ్లు కూడా తొందరగా వదిలేస్తున్నారు. ఊరు విడిచి పోదామా అనుకున్నాను. పోయి ఎక్కడ ఉంటాను?

నిన్న ఉదయం మిగిలిన రెండు దిమ్మల్లో ఒకదాని మీద టీ గ్లాసు పట్టుకుని కూర్చున్నాను. రాజేంద్ర ఆటో ఆపి, తాళం తీసి జేబులో వేసుకుని, సరాసరి నా ముందుకొచ్చి నిలబడ్డాడు.

"ఏటి మావా, నీకసలు బుర్రుందా? నాలుగు నెల్లు ఎండలో మాడిపోనాం నీ మూలాన. నీకు మనుసులు కావాలంటే మా కాడికొచ్చి కూకోవచ్చు కదా? పద్దెనిమిది ఆటోలున్నాయి, ఎనకాల సీట్లు కాళీయే కదా! ఎవులొద్దన్నారు నిన్ను? నోరు నేదా నీకు? సొక్కాలు మార్సుకుని నాటకాలాడతావా, ఆ అత్త గొడుగేసుకుని? అత్త సూత్తే ఏటంటాది?"

ఇవి ఉత్తరంలో రాయదగ్గ మాటలు మాత్రమే. మిగతావి నీకు రాయను. ఇద్దరు ప్రయాణికులు వచ్చి ఆటోలో కూర్చుని పిలిచారు. "ఉండండహె, మాటాడతన్నాను" అని వాళ్లను కసిరి మళ్లీ నా వైపు తిరిగాడు. లిల్లీని ఆటోలో తీసుకెళ్లిన రోజులు ఎత్తాడు. అప్పుడు నేను అతనికి చెప్పని మాటలు, అతను నన్ను అడగని మాటలు అన్నీ తిట్లలోనే వచ్చాయి. తల వంచుకుని ప్రతి మాటా విన్నాను. కళ్ల నుంచి నీళ్లు కారుతుంటే తుడుచుకోలేదు, తుడుచుకుంటే అతను ఆపేస్తాడేమోనని.

చివరికి ప్రయాణికులు దిగి వేరే ఆటోకు వెళ్లిపోతుంటే వాళ్ల వెనక పరిగెత్తాడు. పోతూ పోతూ, "ఇంకా అవనేదు మావా. రేపు ఎనిమిదింటికి ఇక్కడే ఉండు" అన్నాడు.

ఈ రోజు ఆరున్నరకే వచ్చి కూర్చుని నీకు ఇది రాస్తున్నాను.

వరప్రసాదు బాబాయి